కొలిమిలో తెరుచుకున్న కన్ను

కొలిమిలో కన్ను ఉంది. వీధిలో గుర్రబ్బండి ఆగింది. పోయిన వారం డోర్కాస్ వెల్డన్‌ని మనం ఆ రెండింటి మధ్యా వదిలిపెట్టి వచ్చాం.

ఇవాళే ఈ కథలో అడుగుపెట్టినవారికి నాలుగు మాటలు. లండన్‌లో క్లెర్కెన్‌వెల్ అనే పేటలో, బంగారం పనివాళ్ళూ గడియారాల వాళ్ళూ భుజాలు రాసుకుంటూ బతికే ఒక సందులో, ఆంబ్రోజ్ వెల్డన్ అనే పెద్దాయన దుకాణం ఉంది. పోయినవాళ్ళ జ్ఞాపకంగా చేయించుకునే నగలకి పేరుపడ్డ దుకాణం అది. రాణిగారు వైధవ్యంతో నల్లబట్టలు కట్టినప్పటి నుంచి ఆ దేశంలో పెద్దింటి ఆడవాళ్ళందరికీ అలాంటి నగలే కావాలి. ఆంబ్రోజ్ కోడలు డోర్కాస్. భర్త గిల్బర్ట్ క్షయతో పోయాక అతని బల్ల ముందు అతని కుర్చీలోనే కూర్చుని, లోహం మీద రంగు గాజుపొడి కరిగించి బొమ్మలు రాసే మీనా పని చేస్తోంది.

ఆకులు రాలే రోజుల్లో ఒకావిడ వచ్చింది. బూడిద రంగు గౌను, మొహమంతా ముసుగు. పేరు చెప్పలేదు. పతకం మీద తన కన్ను ఒక్కటే రాయమంది. ముసుగు ఒక పక్కకి కాస్త జరిపి, ఎడమ కన్ను మాత్రం కనిపించేలా కిటికీ దగ్గర కూర్చునేది. పని ముగింపుకి వచ్చాక, బ్లాక్‌హీత్‌లో ఉండే క్రాడక్ అనే ఆయనకి కబురు చేయమంది. "ఆయనకి చూపించండి. ఏమంటాడో వినండి" అంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. కబురు వెళ్ళింది. ఆయన వచ్చాడు.

డోర్కాస్ కదలడానికి లేదు. అది చివరి కాల్పు. అకీకు అనే గట్టి రాతి కల్వంలో నూరి, నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి, పాలలాంటి మడ్డి అంతా పోయాక మిగిలిన గాజుపొడిని ఈక మొనతో తీసి, ఒక్కో రేణువూ పేర్చింది. ఇంతకు ముందు కాల్చిన ప్రతిసారీ కన్ను కొంచెం కొంచెంగా లోతెక్కుతూ వచ్చింది. ఈసారి పైన పల్చటి గాజు పూత ఒక్కటే. అది సరిగ్గా కరిగితే కంటికి తడి వస్తుంది. లేకపోతే ఇన్నాళ్ళ పనీ బుడగలెక్కి పాడైపోతుంది.

కింది నుంచి జేబెజ్ గొంతు వినిపించింది. జేబెజ్ గ్రబ్ ఆ దుకాణంలో నగిషీ పనివాడు. గిల్బర్ట్‌కి చిన్ననాటి స్నేహితుడు. అందుకే డోర్కాస్‌ని వదినా అని పిలుస్తాడు.

"వదినా! పొడుగు టోపీ ఒకటి మెట్లెక్కి వస్తోంది. దాని కింద మనిషి కూడా ఉన్నట్టున్నాడు, చూసుకో!"

మధ్యాహ్నమే అయినా బయట పొగమంచు పసుప్పచ్చగా కమ్ముకుని ఉంది. కిటికీ అద్దాల మీద మసి చెమ్మగా అంటుకుంది. గదిలో ఉన్న వెలుగంతా కొలిమి నోటిలోంచి వస్తున్నదే. క్రాడక్ గుమ్మంలో నిలబడేసరికి ఆ ఎర్రదనం ఆయన నల్లకోటు మీద పడింది. నలభై దాటిన మనిషి. అందగాడే. టోపీకి నల్ల పట్టీ, చొక్కా చేతులకి నల్ల బొత్తాలు. భార్య పోయిన మగవాడు ఎలా ఉండాలో అలాగే ఉన్నాడు, వెతికినా లోటు కనిపించదు.

"వెల్డన్ అంటే నువ్వేనా? నేను మీకు ఏ పనీ చెప్పలేదు. ఎవడో ఒకడు మా ఇంటికొచ్చి, నౌకర్లందరూ వింటుండగా, నా పతకం తయారైందని చెప్పి పోయాడు. ఏమిటీ వేళాకోళం?"

"ఒక్క నిమిషం ఆగండి అయ్యా. ఇప్పుడు తీయకపోతే మాడిపోతుంది. మీరే చూద్దురుగాని."

ఆయన చేతి తొడుగు విప్పుకుంటూ కొలిమి వైపు రెండడుగులు వేశాడు. డోర్కాస్ వంగి లోపలికి చూసింది. ఆ వేడిలో రంగులేవీ ఉండవు. నలుపూ తెలుపూ బూడిదా అన్నీ ఒకే ఎర్రటి వెలుగులో మునిగిపోతాయి. ఇన్నేళ్ళ అలవాటులోనూ ఆ క్షణం ఆమెకి గుండె పట్టుకున్నట్టే ఉంటుంది. రాసిందంతా చెరిగిపోయిందేమో అనిపిస్తుంది. ఉపరితలం నీళ్ళలా మెరవగానే పటకారుతో పలకని బయటికి తీసి కొలిమి గుమ్మం మీద పెట్టింది.

ఇద్దరూ చూస్తుండగా ఆ ఎర్రటి బిళ్ళ చల్లబడడం మొదలైంది. మొదట నలుపు తిరిగొచ్చింది. రెప్పల వెంట్రుకలు, కనుబొమ, నడిమధ్య పాప. తర్వాత కనుగుడ్డు తెల్లదనం మెల్లగా పాలు పొంగినట్టు పైకి తేలింది. దాని చుట్టూ వానాకాలపు మబ్బులాంటి బూడిద రంగు పరుచుకుంది. పాప కింద, లవంగ మొగ్గంత, తుప్పు రంగు మచ్చ ఒకటి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అది రావడంతో ఆ కన్ను ఒకే ఒక్క మనిషిదైపోయింది. తడి మెరుపుతో, రెప్ప వేయకుండా, పైనున్న మనిషిని చూసింది.

క్రాడక్ చేతి తొడుగు సగం ఊడి వేళ్ళ దగ్గర ఆగిపోయింది.

"ఏ తలుపులోంచి వెళ్ళింది?" అన్నాడు.

డోర్కాస్‌కి ఆ మాట వెంటనే బోధపడలేదు. తర్వాత తట్టింది, అది బతికున్న మనిషి గురించి అడిగే మాట. భార్యలు పోయిన మగవాళ్ళని ఆమె ఈ గదిలో ఎందరినో చూసింది. బొమ్మ చూసి వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళున్నారు. అచ్చం ఇలాగే ఉండేదని ముద్దు పెట్టుకున్నవాళ్ళున్నారు. చిరాకుపడి ముక్కు సరిగ్గా లేదన్నవాళ్ళూ ఉన్నారు. ఏ తలుపులోంచి వెళ్ళిందని అడిగినవాడు లేడు.

ఆయనే సర్దుకున్నాడు. తొడుగు పూర్తిగా లాగేశాడు. "అంటే, ఎవరో ఒకరు వచ్చి ఉండాలి కదా, ఇది రాయాలంటే. ఎవరామె?"

"ముసుగు వేసుకునే వచ్చేదయ్యా. పేరు చెప్పలేదు. మేమూ గుచ్చి గుచ్చి అడగం. దుఃఖంలో ఉన్నవాళ్ళని అడగకూడదు."

"ఇది నా భార్య కన్ను. రొవీనాది." గొంతు బాగానే నిలబెట్టుకున్నాడు గాని, చూపు మాత్రం పలక మీద నిలపలేకపోతున్నాడు. "వసంతకాలంలో నార్వుడ్ శ్మశానంలో పాతిపెట్టాను. పైన పాలరాయి వేయించాను. ఈ మచ్చ ఆమె ఏ చిత్రకారుణ్ణీ వేయనిచ్చేది కాదు. ఏ పటంలోనూ లేదిది. దీన్ని నువ్వెలా రాశావు?"

"కనిపించింది రాశానయ్యా."

"చచ్చిపోయిన మనిషి నీ ఎదురుగా వచ్చి కూర్చుందా?"

"అది మీరు చెప్పాలి" అంది డోర్కాస్. నోరు జారానని వెంటనే తెలిసింది. తల దించుకుని పలకని సున్నితంగా తిప్పి చూస్తున్నట్టు నటించింది.

క్రాడక్ ఆ గదిని చూడసాగాడు. కిటికీ, దాని దగ్గర కుర్చీ, బొగ్గుల డబ్బా పక్కన వెనక మెట్లకి దారితీసే చిన్న తలుపు. ఆ తలుపు మీద ఆయన చూపు కాసేపు నిలిచింది.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

దీపాలు పెట్టే వేళకి వస్తానని చెప్పి వెళ్ళిందావిడ. ఈ వెనక తలుపు నుంచే. డోర్కాస్ ఏనాడూ పెద్ద అబద్ధం ఆడి ఎరగదు. కాని ఆ కుర్చీలో ముసుగు చాటున కూర్చున్న మనిషి, వీధిలో బండి చప్పుడు అయినప్పుడల్లా ఎలా కుంచించుకుపోయేదో ఆమెకి కళ్ళకి కట్టింది.

"రాదయ్యా. పని అయిపోవచ్చిందని చెప్పగానే, ఇక రానని చెప్పి వెళ్ళిపోయింది."

"నువ్వు అబద్ధమాడుతున్నావని తెలిస్తే," అన్నాడు క్రాడక్ ఎంతో మెత్తగా, "నేను నాలుగిళ్ళలో ఒక్క మాట అంటాను. పోయినవాళ్ళ పేరుతో ఈ దుకాణంలో ఏవో పాడు పనులు చేస్తున్నారని. అంతే. నల్లబట్టల వాళ్ళెవరూ మీ గడప తొక్కరు. మీ మామగారికి ఈ వయసులో వేరే పని ఏం దొరుకుతుందంటావు?"

ఆమె చేతులకి ఏదో ఒక పని కావాలి. ఆంబ్రోజ్ చేసి పెట్టిన బంగారు చట్రం అందుకుంది. తన తోకని తానే నోట కరుచుకున్న పాము. ఒళ్ళంతా పొలుసులు చెక్కి, వాటి మీద ఆకుపచ్చ మీనా పోస్తే లోపలి బంగారం నీటి అడుగున ఉన్నట్టు మెరుస్తోంది. కింద కన్నీటి బొట్టులా ఒక ముత్యం వేలాడుతోంది. చల్లారిన పలకని అందులో కూర్చోబెట్టి, నున్నటి ఉక్కు పుల్లతో అంచు చుట్టూ బంగారాన్ని నొక్కుతూ వచ్చింది. పని పూర్తయ్యేసరికి పాము మధ్యలోంచి కన్ను చూస్తోంది.

క్రాడక్ చెయ్యి చాచి పతకాన్ని లాక్కున్నాడు. ముందు వైపు చూడలేక వెనక్కి తిప్పేశాడు. అక్కడ స్ఫటికం మూతతో చిన్న గూడు ఉంది.

"ఇది ఖాళీగా ఉందేం?"

"పోయినవాళ్ళ జుట్టు పెట్టేదయ్యా. ఆవిడే ఖాళీగా ఉంచమంది. అందులో పెట్టాల్సింది మీ దగ్గరే ఉందట."

ఆయన మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. ఏదో బరువు దించుకునే చోటు కనబడిన మనిషిలా నవ్వాడు. కోటు లోపలి నుంచి జేబు గడియారం తీసి దాని వెనక మూత గోటితో విప్పాడు. లోపల పట్టుగుడ్డ మడత.

"పెట్టు. ఉంటే దీన్లోనే ఉండాలి. శవపేటిక మూసే ముందు నా చేత్తో నేనే కత్తిరించాను. నర్సు చూసింది, డాక్టరు చూశాడు. ఇక ఆ పేటికలో ఉన్నది నా భార్య కాదనడానికి ఎవరికీ నోరు లేదు, విన్నావా?" కాస్త ఆగి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఇది పెట్టిన నాటి నుంచి గడియారం నడవడం లేదు. బాగుచేయించాను. మళ్ళీ ఆగింది. పారేద్దామని పొయ్యి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో. చెయ్యి రాలేదు."

డోర్కాస్ మడత విప్పింది.

కోతకొచ్చిన బార్లీ రంగు జుట్టు. పతకం మీది కంటికి తాను వేసిన రెప్పలు కాటుక నలుపు. కనుబొమా నలుపే. ఆ ముసుగు కింద బార్లీ రంగు జుట్టు ఉండే అవకాశమే లేదు. నార్వుడ్‌లో పాలరాయి కింద ఉన్నది ఎవరైనా గాని, ఈ కంటి మనిషి మాత్రం కాదు. అంతవరకూ ఆమెకి అర్థమైంది. గుడ్డని కొంచెం వెలుగులోకి జరిపింది.

ఆ బార్లీ రంగు పాయలో ఒక పక్కగా, దారం పేనినట్టు, తెల్లటి చార ఉంది. నెరిసిన తెలుపు కాదది. పుట్టుతెలుపు.

డోర్కాస్ చూపు తన ఉంగరం మీదకి దిగింది. అందులో స్ఫటికం కింద గిల్బర్ట్ జుట్టు. బార్లీ రంగు, అందులో తెల్లటి చార. వెల్డన్ల ఇంట పుట్టిన ప్రతి బిడ్డకీ నుదుటి మీద అలా ఒక తెల్ల పాయ ఉంటుంది. ఆంబ్రోజ్‌కీ ఉండేది, ఇప్పుడు తలంతా నెరిసి కలిసిపోయింది. దుకాణంలో జేబెజ్‌కి అదొక పాత హాస్యం. బంగారానికి హాల్‌మార్కు పరీక్షశాలలో వేస్తారు, వెల్డన్లకి పైవాడే కొట్టి పంపిస్తాడు అనేవాడు.

గిల్బర్ట్‌కి ఒక చెల్లెలు ఉంది. లెటీ. పెద్దింట్లో దొరసానికి తోడుగా ఉండే పనిలో కుదిరింది. ఆ ఇంటివాళ్ళ పేరు బయట ఎవరికీ చెప్పకూడదని అక్కడి షరతు. వసంతకాలంలో ఆ ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి, మీ అమ్మాయి ఓడ మీద వంటవాడితో కెనడా లేచిపోయింది, ఇక ఆమె కోసం ఎవరూ వాకబు చేయొద్దని చెప్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఆంబ్రోజ్ ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

మెట్ల మీద బరువైన ఊపిరి వినిపించింది. డోర్కాస్ పట్టుగుడ్డని గబుక్కున మడిచింది.

"ఎవరమ్మాయ్?" ఆంబ్రోజ్ లోపలికి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాయి, తోలు ఏప్రన్ నిండా బంగారు రజను. "ఓ, క్రాడక్ గారా. నమస్కారమయ్యా. పొగమంచులో వచ్చారు, పాపం. జుట్టు తెచ్చారా? జుట్టు పని నాదమ్మాయ్, ఇలా తే."

"నేను చేస్తాను మామయ్యా. మీరు కింద కూర్చోండి, ఇక్కడ పొగ..."

"పొగేమిటి, నేను పొగలోనే పుట్టాను. తే."

"త్వరగా కానీ ముసలాయనా" అన్నాడు క్రాడక్. "నా ఎదురుగా పెట్టు. నేను చూడాలి."

ఆంబ్రోజ్ ఆమె చేతిలోంచి మడత తీసుకున్నాడు. ఆమె వేళ్ళు ఎందుకు వదలలేదో ఆయనకి అర్థం కాలేదు. చిన్నగా నవ్వి లాక్కున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చుని, చూపు ఆనక తడుముకుంటూ, జుట్టుని సోడా కలిపిన వేడినీళ్ళ గిన్నెలో వేశాడు. జిడ్డు పోవడానికి అలా వేస్తారు. కళ్ళద్దాలు దించుకుని గిన్నెలోకి వంగాడు.

నీళ్ళలో పాయ విచ్చుకుంది. బార్లీ రంగు ఒక పక్కకి, తెలుపు ఒక పక్కకి మెల్లగా విడిపోయి తేలాయి.

ఆంబ్రోజ్ అలాగే వంగి ఉండిపోయాడు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోలేదు. తర్వాత చిమటాతో జుట్టు తీసి గుడ్డ మీద ఆరబెట్టి, కత్తిరించి, వేడి ఇనప పుల్లకి చుట్టి ఈకలా వంపు తిప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి వణకలేదు. అది చూసి డోర్కాస్‌కి ఎక్కడ లేని భయం వేసింది.

"ఎలా పోయిందయ్యా మీ ఇంటావిడ?" తల ఎత్తకుండానే అడిగాడు.

"జ్వరం. విషజ్వరం."

"బాధపడిందా?"

"తెలివి లేదు. ఏవేవో కలవరించింది." క్రాడక్ అసహనంగా గది మధ్యలో తిరుగుతున్నాడు. "చివర్లో వాళ్ళ నాన్నని పిలిచింది."

"ఏమని పిలిచింది?"

"నీకెందుకు ముసలాయనా?"

"ఊరికేనయ్యా. ఈ పని చేసేటప్పుడు ఎవరి గురించి చేస్తున్నామో తెలిస్తే చెయ్యి బాగా తిరుగుతుంది."

క్రాడక్ నడక ఆపాడు. చెప్పకుండా ఉండలేకపోయాడేమో. బహుశా ఆ మాట ఇన్నాళ్ళూ ఆయన చెవిలోంచి పోలేదేమో. "ముద్ర ఉంది కదా నాన్నా, నువ్వు గుర్తుపడతావులే అంది. పదే పదే అదే మాట. ఏం ముద్రో ఏమో. జ్వరంలో మనిషికి ఏం తెలుస్తుంది."

ఇనప పుల్ల మీద చుట్టిన జుట్టు కాస్త కమురు వాసన వేసింది. ఆంబ్రోజ్ దాన్ని గబుక్కున తీసి, ఊది, దంతపు బిళ్ళ మీద బంకతో అతికించాడు. తెల్ల చార ఈక నడుమ వెన్నులా వచ్చేలా సర్దాడు. గూట్లో పెట్టి స్ఫటికం మూత మూశాడు. ముప్పావు జీవితం ఈ పని చేసిన మనిషి, అంత అందంగా ఎప్పుడూ చేయలేదనిపించింది డోర్కాస్‌కి.

క్రాడక్ చెయ్యి చాచాడు. ఆంబ్రోజ్ పతకాన్ని అరచేతిలో మూసుకున్నాడు.

"బంక ఆరలేదయ్యా. ఇప్పుడు కదిలిస్తే చెదిరిపోతుంది. రేపు నేనే తెచ్చి ఇస్తాను. మీ ఇంటికి."

"పంపితే చాలు."

"లేదయ్యా. నేనే వస్తాను. ఆవిడ ఏ గదిలో పోయిందో అది కూడా ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుంటాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. క్రాడక్ ఆ ముసలి మొహంలో దేనికోసమో వెతికాడు. కనిపించిందో లేదో తెలియదు. "అలాగే" అన్నాడు, అనుకున్నదానికంటే తేలిగ్గా. టోపీ పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఇంకోసారి గదంతా కలయజూసి, బొగ్గుల డబ్బా పక్కనున్న తలుపు దగ్గర చూపు ఆపి, మెట్లు దిగాడు. కింద జేబెజ్‌తో ఏదో అన్నాడు. వీధి తలుపు తెరుచుకుంది. కాసేపటికి పొగమంచులో చక్రాల చప్పుడు దూరమైపోయింది.

ఆంబ్రోజ్ పిడికిలి ఇంకా విప్పలేదు.

"చూశావా అమ్మాయ్?"

"చూశాను మామయ్యా. మీరు చూడకూడదనుకున్నాను."

"లేచిపోయిందన్నారు. నమ్మాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనమే భరించలేకుండా ఉంది. "నా కూతుర్ని నేనెరగనా? వంటవాడూ లేదు, వల్లకాడూ లేదు, అబద్ధమని నిలదీయొద్దా నేను? వేరేవాళ్ళ రాయి కింద, వేరేవాళ్ళ పేరు పెట్టుకుని, ఒక్కతే పడి ఉంది ఇన్నాళ్ళూ. నేనేమో ఇక్కడ దాని పేరెత్తితే కసురుకుంటూ కూర్చున్నాను."

డోర్కాస్ ఆయన పక్కన నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. గిల్బర్ట్ పోయిన రోజున ఆయన తనతో ఏం మాట్లాడాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఏమీ మాట్లాడలేదు. టీ కలిపి తెచ్చి ఇచ్చాడు. ఆమె లేచి కెటిల్ కోసం చూస్తుండగా వెనక తలుపు గీసిన చప్పుడైంది.

బూడిద రంగు గౌను ఆవిడ లోపలికి వచ్చింది. దీపాల వేళ ఇంకా కాలేదు. పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడి, రెండు చేతులతో ముసుగు పైకెత్తేసింది.

డోర్కాస్‌కి ఆ ఎడమ కన్ను తన సొంత కంటికంటే బాగా తెలుసు. మిగతా మొహం ఇప్పుడే చూడడం. చిక్కి, పాలిపోయి, వయసు చెప్పడానికి వీల్లేకుండా ఉంది. నల్లటి జుట్టు మగవాళ్ళ జుట్టులా పొట్టిగా కత్తిరించి ఉంది. ఇన్నాళ్ళూ ఒక్క కన్నే చూసిన చోట ఇప్పుడు రెండు కనిపిస్తుంటే, ఎవరో ఇద్దరు తనని చూస్తున్నట్టు అనిపించి డోర్కాస్ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆవిడ చూపు ఆంబ్రోజ్ మీద పడింది. ఆయన పిడికిలి విప్పాడు. అరచేతిలో పతకం బోర్లా ఉంది. స్ఫటికం కింద తెల్ల చార.

"తెచ్చిచ్చాడన్నమాట" అంది ఆవిడ. "తన చేత్తోనే తెచ్చిచ్చాడు. నేను వచ్చి చెబితే మీరు నమ్మేవారు కాదు మాస్టారూ. చచ్చిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? అందుకని ఇంత చేశాను. లెటీ మీ గురించి ఎప్పుడూ చెబుతుండేది. ఈ గది గురించి, ఈ కిటికీ గురించి."

"నా కూతురికి ఏం జరిగిందమ్మా?"

"చెబుతాను. అన్నీ చెబుతాను. దానికోసమే బతికి ఉన్నాను. ముందు వీధి తలుపు గడియ పెట్టించండి."

"పెట్టేశాను అమ్మగారూ!" జేబెజ్ మెట్లెక్కి వస్తూ కేకేశాడు. గుమ్మంలో నిలబడి ముసుగు లేని ఆవిడని చూసి నోరు తెరిచాడు, అయినా మాట ఆపలేదు. "బండివాడు సందు చివరికి పోయి నిలబడ్డాడట, పిలుచుకు రమ్మని నన్ను పంపాడా పెద్దమనిషి. పిలుచుకొచ్చాను. నేను లోపలికొచ్చేసరికి కింద ఎవరూ లేరు, బండి కదిలింది. సరే పోయాడు, పీడా పోయిందని పై గడియ, కింది గడియ రెండూ బిగించి వచ్చాను."

ఆవిడ మొహంలో ఉన్న కాస్త రక్తమూ దిగిపోయింది.

"బండి వెళ్ళడం నేనూ చూశాను" అంది. "గోడకి అంటుకుని నిలబడ్డాను. చక్రం నా గౌను రాసుకుంటూ పోయింది. అద్దంలోంచి లోపలికి చూశాను. అందులో ఎవరూ లేరు."

జేబెజ్ ఆవిడని చూశాడు, డోర్కాస్‌ని చూశాడు, మెల్లగా వెనక్కి తిరిగి తాను ఎక్కి వచ్చిన మెట్ల వైపు చూశాడు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి, "నేను గడియ వేసింది ఆయన్ని బయట పెట్టి కాదు."

కింది చీకట్లో మొదటి మెట్టు మీద ఒక అడుగు పడింది.